కాలువ నీటికి వంతులు: పులికాట్ ఒడ్డున రొయ్యల సాగు గురించి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుని జవాబు మొదలుపెడతాను. మీరు చెన్నైలో షోలింగనల్లూరు దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సులో కలిసే కాలువ పక్కన మీ మేనమామ గారికి ఎనిమిది ఎకరాల చవుడు భూమి ఉంది. మీరూ మీ బావమరిదీ కలిసి ముప్పై లక్షలు పెట్టి అక్కడ వనామి రకం రొయ్య సాగు చేయాలనుకుంటున్నారు. అందులో పదకొండు లక్షలు నీటిలో ముంచే సెన్సర్లకు, ఆటో ఫీడర్లకు, ఫోనులో చూసుకునే యాప్‌కు కేటాయించారు. ఈ పరికరాలు ఉంటే సరస్సుకు హాని లేకుండా, ఏళ్ల తరబడి నిలిచే సాగు సాధ్యమేనా అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నెల్లూరు తీరంలో టెక్నీషియన్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు చెన్నైలో ఉంటూ రెండు రాష్ట్రాల రైతులకు సలహాలు ఇస్తున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ప్రణాళికలో చెరువు లోపల జరిగేదాన్ని కొలవడానికి పదకొండు లక్షలు ఉన్నాయి గాని, చెరువులోకి వచ్చే నీటిని నిలబెట్టడానికీ, చెరువు నుంచి పోయే నీటిని శుభ్రం చేయడానికీ ఒక్క రూపాయి లేదు. తీరంలో రొయ్యల సాగు కూలిపోయిన చాలాచోట్ల అది కూలింది నీరు వచ్చిపోయే తూము దగ్గరే.

కొంచెం లెక్క వేసి చూద్దాం. ఎనిమిది ఎకరాల్లో నాలుగున్నర ఎకరాలు సాగు చెరువులకు పోతాయనుకుందాం. మిగిలింది దేనికో తర్వాత చెబుతాను. చదరపు మీటరుకు ముప్పై రొయ్య పిల్లల చొప్పున వేస్తే అయిదున్నర లక్షల పిల్లలు పడతాయి. వాటిలో ఎనభై శాతం బతికి యాభై కౌంటుకు, అంటే కిలోకు యాభై రొయ్యల సైజుకు వస్తే పట్టుబడి తొమ్మిది టన్నులకు కొంచెం తక్కువగా ఉంటుంది. దానికి దాదాపు పన్నెండు టన్నుల మేత కావాలి. మేతలో మాంసకృత్తులు ముప్పై అయిదు శాతం ఉంటే అందులో నత్రజని 680 కిలోల దాకా ఉంటుంది. రొయ్యల శరీరంలో చేరి మీతోపాటు లారీ ఎక్కేది అందులో సుమారు 250 కిలోలు మాత్రమే. మిగిలిన 430 కిలోలు నీటిలో అమ్మోనియాగా, అడుగున నల్లటి బురదగా, కొంత గాలిలో కలిసి మిగిలిపోతుంది. అది ఇరవై బస్తాల యూరియాలో ఉండే నత్రజనితో సమానం. పంటకు ఇరవై బస్తాలు, ఏడాదికి రెండు పంటలైతే నలభై బస్తాలు, అదీ ఒక్క మీ చెరువుల నుంచి. కాలువ పొడవునా మీలాంటివాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టి చూస్తే సరస్సు మీద పడే బరువు ఎంతో మీకే తెలుస్తుంది. ఏ సెన్సరూ ఈ 430 కిలోలను మాయం చేయలేదు. మంచి మేత, జాగ్రత్తగా వేసిన మేత దాన్ని కొంత తగ్గిస్తాయి, మిగిలినదానికి స్థలమే కావాలి.

ఈ విషయం నేను చాలా ఖరీదుగా నేర్చుకున్నాను. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ మన తీరాన్ని ఊడ్చిపెట్టిన తర్వాత కూడా కొందరు టైగర్ రొయ్య సాగు వదల్లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నేను చూసుకునే చెరువులో ఒక ఉదయం రొయ్యలు గట్టు వారకు వచ్చి నిలబడ్డాయి. ఒకదాన్ని పట్టుకుని తలపై పెంకు ఊడదీసి ఎండకు ఎత్తి చూస్తే, లోపలి వైపు ఆవగింజంత తెల్లటి గుండ్రని మచ్చలు స్పష్టంగా కనిపించాయి. యజమాని ఆ రాత్రే తూము ఎత్తి నీళ్లు కాలువలోకి వదిలేయమన్నారు. నేను ఎత్తాను. ఎత్తిన చేతులు నావి, కాబట్టి ఆ తప్పులో నా వాటా నాదే. వారం తిరగకుండా కాలువకు దిగువన ఉన్న రెండు కుటుంబాల చెరువులు ఖాళీ అయ్యాయి. వాళ్లలో ఒకరు అంతకు ముందు రోజే పోటు మీద కాలువ నీటిని తోడుకున్నారు. తెగులు వచ్చిన చెరువును వలతో పట్టుబడి చేసి, నీటికి బ్లీచింగ్ వేసి, కనీసం వారం రోజులు కదలకుండా నిలిపి, ఆ తర్వాతే వదలాలన్నది ఇప్పుడు ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతి. అయినా రాత్రిపూట తూములు ఎత్తడం ఆగలేదు.

మీ సరస్సు దగ్గరే దీనికొక జవాబు ఉంది. పులికాట్ మత్స్యకారుల్లో ‘పాడు’ అనే కట్టుబాటు తరతరాలుగా నడుస్తోంది. రొయ్యలు దొరికే చోట్లు తక్కువ, వలలు ఎక్కువ. అందుకని ఏ రోజు ఏ ఊరివారు ఏ చోట వల కట్టాలో వంతులు వేసుకుంటారు, ఊరిలోపల చోట్లు చీట్లతో పంచుకుంటారు. పుట్టుకను బట్టి కొందరికే హక్కు ఉండి మిగిలినవారికి చోటు లేకపోవడం దాని లోపం, అది నేను సమర్థించను. కానీ నీరు ఉమ్మడి సొత్తు, దాని మీద నా పని నీ పనిని తాకుతుంది అన్న ఎరుకను ఒక నియమంగా మార్చిన తెలివి అందులో ఉంది. రొయ్యల రైతులమైన మనం అదే నీటిని వాడుకుంటూ చాలాచోట్ల అలాంటి కట్టుబాటు ఏదీ పెట్టుకోలేదు. ఈ రంగంలో మనకు కావలసిన కొత్త ఆవిష్కరణ ఏదని నన్నడిగితే, కాలువ నీటిని ఎవరు ఎప్పుడు తోడుకోవాలి, ఎవరు ఎప్పుడు వదలాలి అన్న వంతుల పట్టికే అని చెబుతాను.

ఇది ఊహ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ), ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సంఘం కలిసి చిన్న రైతులను ఆక్వా క్లబ్బులుగా కూర్చాయి. వాళ్లు చేసినవి చాలా మామూలు పనులు: అందరూ ఒకే వారంలో పిల్ల వేశారు, పరీక్ష చేయించిన పిల్లను కలిసి కొన్నారు, ఎవరి చెరువులో తెగులు కనబడినా దాచకుండా చుట్టుపక్కల వాళ్లకు చెప్పారు, తెగులు నీటిని కాలువలోకి వదలలేదు. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా, చిన్న రైతుల సంఘాలకు తోడ్పడే జాతీయ సంస్థ నాక్సా ఏర్పడింది. మీ కాలువ మీద అలాంటి సంఘం ఉందేమో మీ మేనమామ గారిని అడగండి. లేకపోతే మీరు చేయవలసిన మొదటి పెట్టుబడి పది మంది రైతులతో ఒక సాయంత్రం కూర్చోవడం. మీరు పట్నం నుంచి వచ్చి నియమాలు చెబుతున్నారని అనుకోకుండా, మీ మేనమామ గారి చేతే పిలిపించండి.

ఇక భూమి సంగతి. మీరు ‘సరస్సుకు కూతవేటు దూరం’ అని రాశారు, అది చదివి నాకు భయం వేసింది. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు వద్దని పేరు పెట్టి చెప్పింది. నేలపట్టు పక్షుల అభయారణ్యం ప్రస్తావన కూడా అందులో ఉంది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2023లో దాన్ని సవరించి జైలు శిక్ష స్థానంలో జరిమానాలు పెట్టారు. శిక్ష తగ్గింది గాని, రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేయవచ్చని ఎక్కడా లేదు. ఆ అథారిటీ కార్యాలయం చెన్నైలోనే ఉంది కనుక, సర్వే నంబర్లతో, గ్రామ పటంతో స్వయంగా వెళ్లి, అభయారణ్యం హద్దు ఎక్కడిదాకా ఉందో అటవీ శాఖ దగ్గర కూడా తేల్చుకుని, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పక్కవాళ్లు చేస్తున్నారు కదా అన్న మాట పనికిరాదు. జవాబు ‘వీలు కాదు’ అని వస్తే ఈ ఉత్తరంలో మిగిలినదంతా వేరే భూమికి వర్తించుకోండి. ఆ భూమిని మాత్రం వదిలేయండి.

అనుమతి వచ్చిందనుకుందాం. ఎనిమిది ఎకరాల్లో రెండు ఎకరాలు రిజర్వాయరుకు ఇవ్వండి. పోటు మీద తోడిన నీటిని సన్న వలగుడ్డతో వడకట్టి, అక్కడ తేర్చి, బ్లీచింగ్ వేసి, క్లోరిన్ పోయాకే సాగు చెరువులకు పంపాలి. ఒక ఎకరం వ్యర్థజలాల చెరువుకు పోవాలి. బురద ఆగడానికి ముందొక గుంట, తర్వాత నీరు నెమ్మదిగా నడిచే వంకర కాలువ, దాని అంచున మడ మొక్కలు. చెన్నై తరమణిలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ కృష్ణా, గోదావరి తీరంలో చెరువుల్లోనే మడ చెట్లు పెంచుతూ చేప, పీత సాగు చేయించింది. వీలైతే ఆ పద్ధతి చూసి రండి. మిగిలిన అర ఎకరం గట్లకు, దారికి, షెడ్డుకు సరిపోతుంది. అంత భూమి వృథా అని మీ బావమరిది గారు అంటారు, ప్రతి రైతూ మొదట అలాగే అంటాడు. చదరపు మీటరుకు అరవై పిల్లల వరకు నిబంధనలు అనుమతిస్తాయి కదా అని కూడా అంటారు. అరవై అన్నది చట్టం గీసిన పై హద్దు; మీ కాలువ మోయగలిగినదానికి అది కొలత కాదు. మొదటి ఏడాది ముప్పైకి మించవద్దు. నీటిలో ఉప్పు ఎక్కువైనప్పుడు బోరు వేసి మంచినీరు కలపాలన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు, అది నిషిద్ధం. పైగా ఊరి తాగునీరు ఉప్పగా మారితే ఆ ఊళ్లో మీకు మళ్లీ ముఖం ఉండదు.

ఇక రొయ్య పిల్ల గురించి. వనామి 2009లో వాణిజ్య సాగుకు అనుమతి పొందినప్పటి నుంచి, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు పూర్తయ్యాకే, పిల్లను పుట్టించే హేచరీలకు వెళ్లాలి. ‘ఎస్పీఎఫ్’ అన్న మాట చుట్టూ చాలా అపోహ ఉంది: కొన్ని నిర్దిష్ట వ్యాధికారకాలు ఆ తల్లిలో లేవని మాత్రమే దాని అర్థం, ఆ వ్యాధులను తట్టుకునే శక్తి ఉందని కాదు. హేచరీలో తల్లి రొయ్యలకు పచ్చి సముద్రపు పురుగులు మేపితే, పరికరాలు శుభ్రంగా లేకపోతే, ఆ హోదా అక్కడితో పోయినట్టే. తక్కువ ధరకు దొరికే పిల్ల చెరువులో పెరిగిన తల్లుల నుంచి వచ్చినదై ఉండే అవకాశం ఎక్కువ. పిల్ల దగ్గర పది పైసలు మిగుల్చుకుని పంట మొత్తం పోగొట్టుకున్నవాళ్లను ఎందరినో చూశాను. తెల్లమచ్చ వైరస్‌కూ, రొయ్య జీర్ణగ్రంథిలో పెరిగే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవికీ పీసీఆర్ పరీక్ష (జన్యుపదార్థాన్ని బట్టి తెగులును పట్టే పరీక్ష) చేయించిన రిపోర్టు చేతికి వచ్చాకే బయానా ఇవ్వండి. ఈ రెండింటిలో ఈహెచ్‌పీ మరింత మోసకారి. రొయ్యలు చావవు, పెరగవు, ఒకే చెరువులో వంద కౌంటు, నలభై కౌంటు కలిసి ఉంటాయి, మీరు మేత వేస్తూనే ఉంటారు. దాని బీజాలు బురదలో దాక్కుంటాయి కనుక పంటకూ పంటకూ మధ్య చెరువును నెర్రెలు బారేదాకా ఎండబెట్టి, హెక్టారుకు ఆరు టన్నుల కాల్చిన సున్నం (నీరు తగలని క్విక్ లైమ్) వేసి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని తడిపి, నేల పీహెచ్ పన్నెండుకు చేరేలా చూడాలి. చాలామంది రెండు మూడు బస్తాలు చల్లి సరిపెడతారు. దానివల్ల పనేమీ జరగదు.

ఇప్పుడు మీకు ఇష్టమైన పరికరాల దగ్గరకు వద్దాం. నేను వాటికి వ్యతిరేకిని కాను. ఆటో ఫీడర్ మేతను చిన్న మోతాదుల్లో రోజంతా చల్లుతుంది కనుక వృథా తగ్గుతుంది, కూలీ ఖర్చు తగ్గుతుంది; ముందు దాన్ని కొనండి. ప్రాణవాయువు సెన్సరు విషయంలో మాత్రం ఒక రాత్రి చెబుతాను. రెండేళ్ల క్రితం తమిళనాడు తీరంలో మరక్కాణం వైపు ఒక రైతు చెరువు దగ్గర పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన ఫోనులో యాప్ లీటరుకు 5.1 మిల్లీగ్రాములు అని పచ్చరంగులో చూపిస్తోంది. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వెంట నీటి పైపొరకు వచ్చి మీసాలు ఊపుతున్నాయి. నా చేతి మీటరు పెట్టి చూస్తే 2.8. సెన్సరును తాడుతో పైకి లాగాం; దాని కొన మీద వేలిమందం పాకుడు, రెండు చిన్న గుల్లలు అంటుకుని ఉన్నాయి. గుడ్డతో తుడిచి మళ్లీ దించగానే యాప్‌లో కూడా అంకె మూడుకు దిగువకు పడిపోయింది. వెంటనే ఆపి ఉంచిన రెండు ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) వేశాం కాబట్టి చెరువు దక్కింది. ఉప్పునీటిలో ముంచిన ఏ వస్తువుకైనా ప్రాణులు అంటుకుంటాయి. రెండు మూడు రోజులకొకసారి తుడిచే మనిషి లేకపోతే ఆ పరికరం అబద్ధం చెబుతుంది, అది కూడా ధైర్యం చెప్పే అబద్ధం. అందుకే మొదటి ఏడాది ఒక చేతి మీటరు, పీహెచ్, క్షారత, అమ్మోనియా కొలిచే కిట్లు, జనరేటరు కొనుక్కుని, మీరిద్దరిలో ఒకరు చెరువు దగ్గరే ఉండండి. మేత తిన్నాయో లేదో చూడడానికి నీటిలో ఉంచే చెక్ ట్రే పైకి తీసి, మిగిలిన మేతను, రెట్ట రంగును, రొయ్య పేగు నిండిందో లేదో చూడడం చేతికి అలవాటైన తర్వాత సెన్సరు మీకు నిజంగా ఉపయోగపడుతుంది. నీటిలో బాక్టీరియాను పెంచి వ్యర్థాలను దానిచేత తినిపించే బయోఫ్లాక్ పద్ధతి గురించి కూడా అడిగారు. నీటిలో బాక్టీరియా బరువు పెరిగేకొద్దీ అది కూడా ప్రాణవాయువు పీలుస్తుంది. కరెంటు పోయిన గంటలోపే అంతా అయిపోవచ్చు. మొదటి పంటకు వద్దు.

మీరు అడగని సంగతి ఒకటి, మేతలో ఉండే చేప. మన వనామి మేతలో చేపపొడి పదిహేను శాతం అనుకుంటే, మీ పన్నెండు టన్నుల మేతలో అది 1.8 టన్నులు. ఒక టన్ను చేపపొడికి నాలుగైదు టన్నుల పచ్చిచేప కావాలి. కొంత భాగం ఫ్యాక్టరీల్లో మిగిలే తలలు, తోకల నుంచి వస్తుంది నిజమే, మిగిలినది సముద్రం నుంచే. ఒక ఆదివారం తెల్లవారకముందే చెన్నైలోని కాశిమేడు చేపల హార్బరుకు వెళ్లి చూడండి. వేలం పాడే పెద్ద చేపల వరసలు దాటి పక్కకు నడిస్తే, మంచు కూడా వేయకుండా పారలతో ఎత్తిపోసే గుట్టలు కనిపిస్తాయి. చెత్తచేప అంటారు గాని, చేతిలోకి తీసుకుని చూస్తే చాలావరకు బొటనవేలంత సైజులో ఉన్న మంచి రకాల పిల్లలే, ఏడాది ఆగితే వేలంలో నిలబడవలసినవే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు తూర్పు తీరంలో మరబోట్లు ఆపుతున్నది ఆ పిల్లల కోసమే. మిగిలిన పది నెలలూ సన్న కన్ను వలలతో వాటిని పట్టి పొడి చేస్తే ఆ విరామానికి అర్థం ఏముంది? 2025 జనవరిలో చెన్నై ఒడ్డుకు వందలాది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చినప్పుడు, ట్రాలు వలల్లో తాబేలు తప్పించుకునే పరికరం బిగించాలన్న మాట మళ్లీ వినబడింది. ఆ పరికరాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పుడో తయారుచేసి పెట్టింది. కాబట్టి మేత కంపెనీని చేపపొడి శాతం, అది ఎక్కడి నుంచి వస్తోంది అని అడగండి. అడిగే రైతులు పెరిగితే వాళ్లు చెప్పక తప్పదు. చెన్నై సాంథోమ్‌లోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధనా సంస్థ), చేపల మార్కెట్ వ్యర్థాల నుంచి ‘ప్లాంక్టన్ ప్లస్’ అనే ఉత్పత్తిని తయారుచేసింది. చెరువులో సహజమైన మేత పెరగడానికి దాన్ని వాడవచ్చు.

యాంటీబయోటిక్స్ గురించి ఒక్క మాట చాలు: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఏ పేరుతో, ఏ ప్రోబయోటిక్ డబ్బాలో దాచి అమ్మినా మీ గట్టు ఎక్కనివ్వకండి. ఐరోపా సమాఖ్య 2016లో మన సాగు రొయ్యల సరుకులో సగాన్ని ఆపి పరీక్షించడం మొదలుపెట్టిందంటే దానికి కారణం అలాంటి మందుల అవశేషాలే.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చెరువులో వనామి ఉంచవద్దు. ఒక్క రాత్రి కురిసిన వానకు ఉప్పదనం, క్షారత కలిసి పడిపోతాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు ఇటు చెన్నై, అటు నెల్లూరు తీరం ఎలా మునిగాయో మీరూ చూశారు. ఫిబ్రవరిలో పిల్ల వేసి జూన్‌లోపు పట్టుబడి చేయండి. ఏడాదికి రెండు వనామి పంటలు వేయడం కంటే ఒకటి వేసి, ఒక చెరువులో పండుగప్ప ప్రయత్నించడం నాకు మేలుగా తోస్తుంది. సీబా 1997లోనే పండుగప్పను హేచరీలో గుడ్లు పెట్టించింది, ముట్టుకాడులోని కేంద్రం మీకు గంట దూరం కూడా లేదు. ఉప్పదనం ఎంత మారినా ఆ చేప తట్టుకుంటుంది. ఒకదాన్నొకటి తినకుండా చిన్నప్పుడు వారానికోసారి సైజుల వారీగా వేరు చేయడం విసుగైన పనే గాని, రొయ్య తెగుళ్ల చక్రం తెగుతుంది. మన హోటళ్లకు, మార్కెట్లకు నేరుగా అమ్ముకోవచ్చు, అమెరికా ధర వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు.

కాబట్టి ఆ పదకొండు లక్షల్లో రెండున్నర లక్షలు ఫీడర్లకు, మీటర్లకు ఉంచి, మిగిలినది రిజర్వాయరు, వ్యర్థజలాల చెరువు తవ్వకానికి, జనరేటరుకు, పరీక్షలకు మార్చండి. ఇప్పుడే చెరువు తవ్వవద్దు. ముందు రెండు నెలలపాటు ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ, పోటు సమయంలో ఒకసారి, నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలో ఒకసారి, కాలువ నీటి ఉప్పదనం, పీహెచ్, క్షారత, అమ్మోనియా కొలిచి, ఆ రోజు ఎగువన ఎవరైనా నీరు వదిలారా అన్నది కూడా ఒక పుస్తకంలో రాయించండి. మీ మేనమామ గారు ఆ పని చేయగలరు. ఆ కొలతలూ, అథారిటీ ఇచ్చిన జవాబూ నాకు పంపితే, తూము ఏ వైపు ఉండాలో, రిజర్వాయరు ఎంత లోతు తవ్వాలో గీసి పంపుతాను.